ఎనోషిమా: రెండు రోజుల నడక నుంచి ఒక పూట ప్రయాణం దాకా

జపాన్ రాజధాని టోక్యోకు నైరుతి దిక్కున, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సగామి అఖాతం ఒడ్డుకు చేరువగా ఎనోషిమా అనే చిన్న దీవి ఉంది. చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లు, నడిమి గుట్ట ఎత్తు సుమారు 60 మీటర్లు. బాగా ఆటు తీసిన వేళ ఒడ్డుకూ దీవికీ నడుమ ఇసుక మేట బయటపడుతుంది, పోటు వచ్చేసరికి మునిగిపోతుంది. ఇప్పుడు టోక్యో జనం సెలవునాడు పొద్దున రైలెక్కి వచ్చి, గుడి మెట్లెక్కి, గుహలు చూసి, చేపల భోజనం చేసి, చీకటి పడేలోగా ఇల్లు చేరుతున్నారు. మొక్కూ, షికారూ, సముద్రపు తిండీ ఈ దీవి రాకపోకల్లో కొన్ని వందల ఏళ్ళుగా కలిసే ఉన్నాయి. మారిందల్లా దారి. దారికి పట్టే కాలం తగ్గినకొద్దీ దీవిలో ఏ సరుకు అమ్ముడుపోతుందో, ఎవరి పొయ్యి వెలుగుతుందో మారుతూ వచ్చింది.

దీవి పుట్టుక గురించిన కథ 1047లో కోకెయ్ అనే బౌద్ధ భిక్షువు రాసిన స్థలపురాణంలో ఉంది. ఆ ప్రాంతంలోని ఒక సరస్సులో ఐదు తలల సర్పం ఉండేదనీ, ఊళ్ళమీద పడి పిల్లల్ని మింగేదనీ అది చెబుతుంది. 552లో కారుమబ్బులు కమ్మి, భూమి అదిరి, సముద్రంలోంచి దీవి పైకి లేచింది. దానిమీదికి ఒక దేవత దిగి వచ్చింది. ఆమె అందానికి లోబడిన సర్పం పెళ్ళాడమని అడిగితే, దుష్టబుద్ధి మానితే తప్ప కుదరదంది. సర్పం మనసు మార్చుకుని, చివరికి ఒడ్డున గుట్టగా మారిపోయింది. పురాణం పురాణమే గానీ, భూకంపంలో నేల పైకి లేవడమన్నది ఈ తీరానికి కొత్త సంగతి కాదు. 20వ శతాబ్దంలోనూ అది జరిగింది.

ఆ దేవత బెంజైతెన్. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతే ఆమె. నదీదేవత గుణం పోకుండా ఉండడంవల్ల అక్కడ ఆమె గుళ్ళు ఎక్కువగా చెరువుల మధ్య, దీవుల మీద, నీటి ఊటల పక్కన వెలిశాయి. గోదావరి ఒడ్డున బాసరలో కొలువైన తల్లిని తలుచుకుంటే తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. వింతగా తోచేది ఎనోషిమాలోని రెండు విగ్రహాల్లో ఒకటి. వీణను పోలిన బివా పట్టుకున్న మూర్తి ఒకటైతే, రెండోది ఎనిమిది చేతులతో ఆయుధాలు ధరించిన యుద్ధదేవత. ఈ రూపం జపాన్‌వాళ్ళ కల్పన కాదు. ‘సువర్ణప్రభాస సూత్రం’ అనే బౌద్ధ గ్రంథంలో సరస్వతి ఎనిమిది చేతులతో, ఆయుధాలతోనే ఉంటుంది. భారతదేశంలో వీణాపాణి ముందు వెనకబడిపోయిన ఆ మూర్తి, యుద్ధవీరుల కాలపు జపాన్‌లో పూజలందుకుంది.

పూజ మొదలుపెట్టించిందీ యుద్ధవీరుడే. కమకురా పట్టణం ఇక్కడికి కొద్ది దూరంలో ఉంది. అక్కడ బలపడుతున్న మినమోతొ నో యోరితొమో 1182లో, ఈశాన్య ప్రాంతాన్ని ఏలుతున్న ఫుజివారా నో హిదెహిరా ఓడిపోవాలని మోంగకు అనే సన్యాసిచేత ఈ దీవిలో బెంజైతెన్‌ను ఆవాహన చేయించాడు. ఆ రోజు తానే స్వయంగా వచ్చాడనీ, దీవిలో తోరణం నిలబెట్టించాడనీ కమకురా ప్రభుత్వపు చరిత్ర గ్రంథం ‘అజుమా కగామి’ నమోదు చేసింది. పదేళ్ళ తర్వాత అతడు షోగన్ (సైనిక పాలకుడు) అయ్యాడు. అదే గ్రంథంలో 1216 నాటి మరో కబురుంది: ఎనోషిమా చుట్టూ ఉన్న సముద్రం ఉన్నట్టుండి దారి ఇచ్చింది, జనం పడవ లేకుండా నడిచి వెళ్ళారు. దేవత మహిమ అని జనం విరగబడి చూశారు. ఇసుక మేట గురించి రాతలో దొరికే పాత సాక్ష్యం ఇదే కావచ్చు.

యుద్ధాల కాలం దాటి, 17వ శతాబ్దంలో టోకుగావా షోగన్లు ఎడోను (నేటి టోక్యో) రాజధాని చేసుకున్నాక దీవి దశ తిరిగింది. లక్షల జనాభా ఉన్న నగరం, చేతిలో కాస్త డబ్బు ఆడే వర్తకులు, చేతిపనివాళ్ళు, ఊరు దాటి వెళ్ళడానికి ఏదో ఒక సాకు కావాలనుకునే జనం. ఆనాటి చట్టం ఊరికే తిరగడాన్ని మెచ్చేది కాదు, దైవదర్శనమంటే మాత్రం అడ్డు చెప్పేది కాదు. ఎడో నుంచి క్యోటోకు పోయే టోకైడో రహదారిలో ఫుజిసావా ఆరో మజిలీ. అక్కడ రహదారి వదిలి దక్షిణానికి తిరిగి నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఎనోషిమా. వెళ్ళడానికి దాదాపు రెండు రోజుల నడక. తిరుగుదారిలో కమకురా గుళ్ళు చూడడమో, ముందుగా ఓయమా కొండ ఎక్కి రావడమో కలుపుకుని మొత్తం నాలుగైదు రోజుల యాత్రగా ముగించేవారు.

ఎనోషిమాకు కలిసివచ్చిన అసలు సంగతి ఇంకొకటుంది. టోకైడో మీద హకోనె కనుమలో షోగన్ల తనిఖీ చౌకీ ఉండేది. అక్కడ ముఖ్యంగా ఎడో నుంచి బయటికి పోయే ఆడవాళ్ళను నిలేసేవారు. సామంతుల భార్యలను ఎడోలో జామీనుగా ఉంచుకున్న ప్రభుత్వానికి వాళ్ళు మారువేషంలో జారిపోతారేమోనన్న భయం. ఎనోషిమా హకోనెకు ఇవతలే ఉంది. అనుమతి పత్రాల గొడవ లేకుండా ఆడవాళ్ళు వెళ్ళి రాగలిగిన చోట్లలో ఇది పేరు పడిందంటే కారణం భక్తి ఒక్కటే కాదు. పైగా బెంజైతెన్ సంగీతానికి, కళలకు దేవత. పాట నేర్పే పంతులమ్మలు శిష్యురాళ్ళను వెంటబెట్టుకుని గుంపులుగా బయలుదేరేవారు. హిరోషిగే గీసిన ఒక రంగుల ముద్రణ చిత్రంలో ఇలాంటి బృందాలు, ఒక్కో సంగీత శాఖవాళ్ళు ఒక్కో రకం గొడుగుతో, తీరం నిండా బారులు తీరి కనిపిస్తాయి. మరో చిత్రకారుడు హొకుసాయ్ తన ‘ఫుజి 36 దృశ్యాల’లో ఒకదాన్ని ఈ దీవికి కేటాయించి, ఆటు వేళ ఇసుక మీద నడిచిపోతున్న యాత్రికులను చూపించాడు. సర్ప సంవత్సరంలోనూ, వరాహ సంవత్సరంలోనూ, అంటే ఆరేళ్ళకొకసారి, గర్భగుడి తెర తీసి మూలమూర్తి దర్శనం ఇచ్చేవారు. ఆ ఏడాది దీవిలో ఇసుక వేస్తే రాలనంత జనం.

అంధులైన సంగీతకారులు, మర్దన చేసేవాళ్ళు కూడా ఈ దేవతను నమ్ముకున్నవాళ్ళే. వాళ్ళలో సుగియామా వైచి (1610-1694) పేరు దీవితో విడదీయరానిది. చిన్నతనంలోనే చూపు పోయిన అతడు సూదివైద్యం నేర్చుకోబోతే గురువు పనికిరావని పంపేశాడు. ఎనోషిమా గుహలో ఉపవాసం ఉండి తిరిగి వస్తుండగా రాయి తగిలి పడ్డాడనీ, చేతికి తగిలిన సన్నని గొట్టంలో పైన్ చెట్టు సూదాకు ఇరుక్కుని గుచ్చుకుందనీ, దాంతో గొట్టంలోంచి సూది దింపే పద్ధతి తట్టిందనీ అంటారు. కథ ఎలా ఉన్నా, గొట్టంతో సూది వేసే పద్ధతికి ఆద్యుడుగా అతడినే చెప్పుకుంటారు. నేటికీ జపాన్ సూదివైద్యులు వాడేది అదే. ఐదో షోగన్ త్సునయోషికి వైద్యం చేసి ధనమూ పదవీ సంపాదించాక, సుగియామా దీవిలో మూడంతస్తుల పగోడా కట్టించాడు, ఫుజిసావా నుంచి వచ్చే బాట పొడవునా రాతి గుర్తుకంబాలు పాతించాడు. తనలాంటివాళ్ళు తడిమి దారి తెలుసుకోవాలని ఆ కంబాల మీద అక్షరాలు లోతుగా చెక్కించాడంటారు. వాటిలో కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి.

ఇంత జనం వస్తే బస ఎక్కడ? భోజనం ఎవరు పెడతారు? దీవిలో ఇవామోతోయిన్ అనే మఠం అందరికంటే పెద్దది. గుడి ఆజమాయిషీ దానిదే, ప్రభువులకూ పెద్దలకూ విడిది కూడా దానిదే. చిన్న మఠాలు, ఇళ్ళలో గదులు ఇచ్చే ఓషి అనే పూజారులు మిగతావాళ్ళను చూసుకునేవారు. కాశీ, గయల్లో పండాలు చేసే పని వీళ్ళది: ఊరూరా తిరిగి దేవత పేర తాయెత్తులు పంచడం, భక్తబృందాలను కూడగట్టడం, వచ్చినప్పుడు బస ఇవ్వడం. రాబడి మీద మఠాల మధ్య పేచీలు ప్రభుత్వం దాకా పోయాయి. దీవి ముఖద్వారంలో ఇప్పుడున్న కంచు తోరణం 1747లో నిలిపి, 1821లో మళ్ళీ పోతపోయించినది. దాని కాళ్ళమీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో ఎడో భోగవీధి యోషివారా వాళ్ళూ ఉన్నారు. భక్తికీ భోగానికీ ఇక్కడ దూరం తక్కువేనని నాటక రచయితలకూ తెలుసు. 1862లో కవాతకె మొకువామి రాసిన కబుకి నాటకంలో బెంతెన్ కొజో అనే దొంగ, తాను ఒకప్పుడు ఎనోషిమాలో ఇవామోతోయిన్ మఠంలో కుర్ర పరిచారకుడినని గొప్పగా చెప్పుకుంటాడు.

భోజనం మాటకొస్తే, ఆ కాలంలో దీవికి పేరు తెచ్చింది చేప కాదు, చిప్ప. రాళ్ళకు అతుక్కుని పెరిగే అవాబి (అబలోన్), మెలిక గుల్ల ఉన్న సజాఎ అనే సముద్రపు నత్త, రాళ్ళ సందుల్లో దాగే పెద్ద రొయ్యలు. దీవి వెనక వైపు చిగొగఫుచి రాళ్ళ దగ్గర మునకగాళ్ళు కాచుకుని ఉండేవారు. యాత్రికులు నాలుగు నాణేలు ఇస్తే, కళ్ళముందే సముద్రంలో దూకి అవాబి పట్టి తెచ్చేవారు. అది వేటా, వేడుకా రెండూను. సజాఎను గుల్లతోనే నిప్పుల మీద పెట్టి, సోయా పులుసు చుక్కలు వేసి కాల్చి పెట్టడం అప్పటినుంచీ వస్తున్న వంట.

అయితే తిన్నది తినగా, ఇంటికి తీసుకుపోవడమెలా? రెండు రోజుల నడకలో పచ్చి గుల్లమాంసం నిలవదు. అందుకే అవాబిని సాకె సారా పిప్పిలో ఊరబెట్టి అమ్మేవారు. ఇదే దీవి ప్రసిద్ధ కానుక. తిండి కాకపోతే గుల్లలే. ముత్యపు చిప్పలు, గవ్వలతో చేసిన పువ్వులు, పక్షులు, దువ్వెనలు, పెట్టెలు. ఇవీ పాడవని సరుకే. నడిచే కాలం వ్యాపారాన్ని ఇలా మలిచింది: అక్కడ తినేది తాజాది, మూటగట్టేది ఊరవేసినదో, అసలు తిననిదో.

1868లో, షోగన్ల పాలన పోయి వచ్చిన మెయ్‌జీ ప్రభుత్వం, బౌద్ధాన్నీ జపాన్ దేశవాళీ మతమైన షింతోనూ విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది. ఎనోషిమాలో ఆ రెండూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉన్నాయి. మఠాలు రద్దయ్యాయి, గుడి షింతో దేవాలయమైంది, సుగియామా కట్టించిన పగోడాను పడగొట్టారు. బౌద్ధ దేవత బెంజైతెన్ స్థానంలో ముగ్గురు సముద్ర దేవతలు కాగితాల మీదికెక్కారు. దీవి మీద ఇప్పుడున్న హెత్సు, నకత్సు, ఒకుత్సు అనే మూడు గుళ్ళు ఆ అక్కచెల్లెళ్ళవే. జనం మాత్రం బెంజైతెన్ పేరే పలుకుతూ వచ్చారు. జీవనాధారం పోయిన ఇవామోతోయిన్, మఠం బోర్డు తీసి వసతిగృహం బోర్డు పెట్టుకుంది. నిజానికి శతాబ్దాలుగా చేస్తున్న పనే అది. ఇవామోతోరో పేరుతో ఆ విడిది నేటికీ నడుస్తోంది.

ఈ మార్పుల్లో గుడి పోగొట్టుకున్న భూమిలో కొంత శామ్యూల్ కాకింగ్ అనే బ్రిటిష్ వర్తకుడి చేతికి వచ్చింది. యొకొహామాలో వ్యాపారం చేసే అతడు 1880లలో గుట్ట మీద ఉద్యానవనం వేసి, బొగ్గు మంటతో వేడిచేసే పెద్ద గాజు ఇల్లు కట్టి, ఉష్ణదేశాల మొక్కలు పెంచాడు. ఆ గాజు ఇల్లు 1923 భూకంపంలో కూలిపోయింది. ఇటుక పునాదులు ఇప్పటికీ చూపిస్తారు. తోట అతడి పేరుతోనే ఉంది.

అదే కాలంలో దీవికి మరో రకం యాత్రికులు వచ్చారు. గవ్వల దుకాణాల్లో అమ్మే వస్తువుల్లో కొన్ని మామూలు గవ్వలు కావు. సగామి అఖాతం ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే అడుగు వెయ్యి మీటర్ల లోతుకు దిగిపోతుంది. జాలర్ల గాలాలకు తగులుకుని వచ్చిన లోతునీటి జీవులు బేరగాళ్ళ బల్లల మీదికి చేరేవి. టోక్యోలో పాఠాలు చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త హిల్గెన్‌డార్ఫ్, ఇక్కడి దుకాణంలో దొరికిన ఒక చీలిక గుల్ల నత్తను 1877లో కొత్త జాతిగా వర్ణించాడు. ఆ కుటుంబంలో ఎక్కువ భాగం శిలాజాలుగానే తెలిసిన రోజులవి. అదే ఏడాది జులైలో అమెరికా జీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్, చిప్పల్ని పోలిన బ్రాకియోపాడ్ అనే జీవుల్ని వెదుక్కుంటూ వచ్చి, ఒడ్డున జాలరి గుడిసె ఒకటి అద్దెకు తీసుకుని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. జపాన్‌లో సముద్ర జీవశాస్త్ర పరిశోధనకు అదే తొలి నెలవు. కొన్నేళ్ళకు వచ్చిన డోడర్‌లైన్ అనే మరో జర్మన్ కూడా ఎనోషిమా కానుకల దుకాణాలు చూసే అఖాతం లోతుల మీద ఆశ పెంచుకున్నాడు. పిల్లలకు బొమ్మలుగా కొనే సరుకు యూరప్ మ్యూజియాలకు నమూనాలైంది.

దీవి స్వరూపాన్ని మార్చేసిన సంవత్సరం 1887. ఆ ఏడు టోకైడో రైలుమార్గం ఫుజిసావా దాకా వచ్చింది. రెండు రోజుల నడక రెండు మూడు గంటల ప్రయాణమైంది. 1890లో జపాన్‌లో అడుగుపెట్టిన రచయిత లాఫ్కాడియో హెర్న్ ఇసుక మేట మీదుగా దీవికి నడిచి, వీధికి ఇరువైపులా మెరిసే ముత్యపు చిప్పల పనితనం గురించి తన తొలి జపాన్ పుస్తకంలో రాశాడు. మరుసటి ఏడే, 1891లో, కొయ్య వంతెన పడింది. 1902లో ఫుజిసావా నుంచి దీవికి ఎదుటి ఒడ్డున ఉన్న కటాసేకు చిన్న విద్యుత్ రైలు, ‘ఎనోదెన్’, మొదలై 1910 నాటికి కమకురాను కలిపింది. ఇళ్ళ పెరళ్ళను రాసుకుంటూ పోయే ఆ రైలు ఇప్పుడు తానే ఒక చూడదగ్గ వస్తువైంది. 1929లో ఒదక్యు సంస్థ టోక్యోలోని షింజుకు నుంచి నేరుగా రైళ్ళు నడిపి, దీవికి ఎదురుగా కథల్లోని సముద్రరాజు కోటలా స్టేషన్ కట్టింది. ఇక రాత్రి ఉండిపోవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. విడిదిగృహాలు తగ్గి, మధ్యాహ్న భోజనశాలలు పెరిగాయి.

నడుమ 1923 సెప్టెంబరు 1న కాంటో మహాభూకంపం వచ్చింది. సునామీ కొయ్య వంతెనను దెబ్బతీసింది. దీవి సుమారు ఒక మీటరు పైకి లేచింది. చిగొగఫుచి దగ్గర అలల కింద ఉన్న చదును బండలు బయటపడ్డాయి. ఇవాళ జనం కూర్చుని ఫుజి పర్వతం వెనక సూర్యాస్తమయం చూసే నేల చాలావరకు అప్పుడు తేలిందే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దీవిని పూర్తిగా విహారస్థలంగా తీర్చారు. 1949లో కొత్త కాలినడక వంతెన వచ్చింది. 1951లో గుట్ట మీద దీపస్తంభం నిలబెట్టారు. అది కొత్తగా కట్టింది కాదు, యుద్ధానికి ముందు టోక్యో శివారు వినోదవనంలో పారాచూట్‌తో దూకడం నేర్పడానికి వేసిన ఉక్కు బురుజును విప్పి తెచ్చింది. దాని స్థానంలో 2003లో కొత్తది వచ్చింది. 1959లో గుడి మెట్ల పక్కన ఎస్కలేటర్లు పెట్టారు. 46 మీటర్ల ఎత్తు ఎక్కిస్తాయి, టికెట్టు కొనాలి, దింపడానికి మాత్రం లేవు. దిగేటప్పుడు ఎలాగూ దుకాణాల వీధిలోంచే నడవాలి కాబట్టి వ్యాపారులకు ఇందులో నష్టం లేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తెరచాప పడవల పోటీల కోసం దీవి తూర్పు తీరాన్ని పూడ్చి రేవు కట్టారు, మోటారు బండ్ల వంతెన వేశారు. పోటీలు 2021లో మళ్ళీ అక్కడే జరిగాయి. గుల్లలు ఏరుకునే రాతి ఒడ్డు కొంత ఆ కాంక్రీటు కిందికి పోయింది. సాధువులు తపస్సు చేసిన గుహలను 1971లో బండలు జారడంతో మూసేసి, 1993లో దీపాలూ కటకటాలూ అమర్చి తెరిచారు. మొదటి గుహ పొడవు 152 మీటర్లు, రెండోది 56.

తిండి కూడా దారినే అనుసరించింది. ఊరబెట్టిన అవాబి వెనకబడింది. అవాబి ఖరీదు పెరిగి మామూలువాళ్ళకు అందకుండా పోయింది. సజాఎను సన్నగా తరిగి, ఉల్లిపాయతో ఉడికించి, గుడ్డు పోసి అన్నం మీద వడ్డించే గిన్నె ‘ఎనోషిమా దొన్’ పేరుతో దీవి సొంత వంట అయింది. దుకాణాల ముందు కొత్త తరం క్యూ కట్టేది మరోదానికి: పిండి అద్దిన ఆక్టోపస్‌లను రెండు వేడి ఇనుప పలకల నడుమ కీచుమనేలా నొక్కి తీసే, ముఖమంత అప్పడానికి.

వీటన్నిటినీ మించి ఇప్పుడు జనాన్ని లాగుతున్నది షిరాసు. అంటే ప్రధానంగా నెత్తళ్ళ జాతి చేప పిల్లలు, దారప్పోగుల్లా సన్నగా, కళ్ళు తప్ప ఒళ్ళంతా పారదర్శకంగా ఉంటాయి. సగామి తీరంలో వీటిని వలవేసి పట్టి, వెంటనే ఉప్పునీటిలో ఉడికించడమో, ఎండబెట్టడమో తరతరాల అలవాటు. పట్టిన కొన్ని గంటల్లోనే మెత్తబడిపోయే ఈ చేపను పచ్చిగా దూరం పంపడం కష్టం, తినాలంటే రేవుకే రావాలి. పొద్దున పట్టింది మధ్యాహ్నం అన్నం మీదికి వచ్చే అవకాశం ఒక పూటలో వచ్చిపోయే జనానికి కొత్త ఆకర్షణ అయింది. నడిచి వచ్చిన యాత్రికుడు పాడవని సరుకు కొనుక్కుపోయాడు. రైలెక్కి వచ్చేవాడు పాడయ్యేదాన్నే వెతుక్కుంటూ వస్తున్నాడు.

గాలివాన ఉన్న రోజున పడవలు వేటకు పోవు. అప్పుడు భోజనశాలలు గుమ్మం ముందు ‘ఈ రోజు పచ్చి షిరాసు లేదు’ అని పలక పెడతాయి. జనవరి 1 నుంచి మార్చి 10 దాకా కనగావా జిల్లా అంతటా షిరాసు వేట నిషేధం. ఆ రెండు నెలలకు పైగా దీవికి వచ్చేవాళ్ళు ఉడికించి నిలవచేసినదానితోనో, గుల్లలోనే కాల్చిన సజాఎతోనో సరిపెట్టుకుంటారు. ఆ చలికాలంలో బేరం తగ్గకుండా కాకింగ్ తోటలో రాత్రిపూట దీపాల అలంకరణ పెడుతున్నారు.